విదేశీ తుప్పు

ముందుగా ఒక క్షమాపణ. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్ళే అయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా తడుముకుంటాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. నేను పనిచేసే ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి బస్సు ప్రయాణాల్లో నాకు చదువు చెప్పింది. తన పాటల పుస్తకమే నా పలక. అందుకే నాకు అమ్మ, ఆవు కంటే ముందు పల్లవి, చరణం రాయడం వచ్చింది.

చదవడం వచ్చాక నేను మొదటి నుంచి చివరిదాకా కూడబలుక్కుని పూర్తిచేసిన మొదటి వ్యాసం మా మరిది రాసింది. మా ఆర్కెస్ట్రా నలభై ఏళ్ళ సంచికలో అచ్చయింది. బేస్ గిటారు కోసం తను విదేశంలో పాత వాద్యాల దుకాణాలన్నీ ఎలా గాలించాడో, చివరికి "ధ్వనిని మచ్చిక చేసే ఒక అరుదైన విదేశీ సాధనం" ఎలా సంపాదించాడో అందులో ఉంది. చదువు రాకపోయి ఉంటే ఊరుకునేదాన్ని. వచ్చింది కాబట్టి, ఆ రోజు అక్కడే ఉన్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన ఆ ఆర్కెస్ట్రాలో ముప్పై ఏళ్ళు బేస్ గిటారు వాయించారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, బేస్ అంటే మామూలు గిటారు కంటే పొడుగు మెడ, నాలుగే తీగలు, అవీ బాగా లావు. అది మోగుతున్నంతసేపూ ఎవరూ వినరు. ఆగిపోతే మాత్రం అందరూ తలలు తిప్పి చూస్తారు, ఏదో పోయిందని. ఏం పోయిందో చెప్పలేరు. మా ఆయన స్వభావానికి సరిగ్గా కుదిరిన వాద్యం.

దాని మీద మూడు నాబ్‌లు ఉంటాయి. రెండు శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ. మూడోది టోన్. తెరిస్తే పళ్ళెం మీద గరిటె గీసినట్టు గరుగ్గా వస్తుంది. మూస్తే దుప్పటి లోంచి మాట్లాడినట్టు మెత్తగా వస్తుంది. ఆయన దాన్ని పూర్తిగా మూసేసి ఉంచేవారు.

"తెరిస్తే ఏమవుతుందండీ?" అని ఒకసారి అడిగాను.

"నా తప్పులు వినపడతాయి" అన్నారు.

ఇక నా వాటా. పెళ్ళైన కొత్తలో మేముండే అద్దె గది కింద ఇంటి ఓనరమ్మ ఉండేది. ఈయన చిన్న స్పీకరు పెట్టుకుని సాధన మొదలెడితే చాలు, కింద నుంచి చీపురు కర్రతో కప్పు పొడిచేది. ఒక రోజు విసుగొచ్చి, అంట్లు తోమే స్పాంజి సగానికి కత్తిరించి, తీగలు వచ్చి ఆగే ఇనప దిమ్మ పక్కన, తీగల కింద దూర్చేశాను. మోత అణిగింది. చీపురూ ఆగింది. మర్నాడు ఆయన అది తియ్యడం మర్చిపోయి అలాగే ప్రోగ్రాముకి వెళ్ళారు. మాస్టారు "ఏంటోయ్, ఇవాళ బుద్ధిగా మోగుతోంది?" అన్నారట. మాస్టారంటే ఆర్కెస్ట్రా యజమాని. స్టేజీ మీద చేతులూపి అందరికీ తాళం చూపించేదీ ఆయనే. ఆయన బావుందన్నారు కాబట్టి స్పాంజి అక్కడే ఉండిపోయింది. అరిగినప్పుడల్లా ముక్క మార్చేదాన్ని. తీగలు మాత్రం మా ఆయన ఒక్కసారీ మార్చలేదు. "తెగలేదుగా" అనేవారు.

ఆయన పోయాక ఆ కుర్చీ మా మరిదికి వచ్చింది. ఇంట్లో అందరం అతన్ని చిన్నోడు అంటాం. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు, చిన్నోడే. అంతకుముందు పక్కన మామూలు గిటారు వాయించేవాడు. అన్నంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే కొంప ముంచాడు. నేను నెల రోజులు మా అక్క దగ్గర ఉండి తిరిగొచ్చేసరికి గిటారు పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది.

"చూశావా వదినా! అన్న గిటారుకి ఆరు గంటలు స్నానం చేయించా."

"తీగలు?"

"కొత్తవి వేశా. పాతవి తుప్పు పట్టి, ముట్టుకుంటే వేళ్ళు నల్లగా అయిపోతున్నాయి. నాబ్‌లు కూడా మార్చేశా, పాపం టోనుది బిగుసుకుపోయి తిరగడమే లేదు."

"తీగల కింద నాదొకటి ఉండాలే..."

"అదా! ఎలక గూడనుకున్నా. చీ, ఏం జిడ్డు వదినా. పటకారుతో పట్టుకుని అవతల పారేశా."

"అది స్పాంజి నాయనా. నేనే పెట్టాను."

"అయ్యో, ముందే చెప్పొద్దూ? పోన్లే, అంట్లకి డజను కొనిచ్చేస్తా."

నిజంగానే కొనిచ్చాడు. నేనూ మా తోడికోడలూ ఏడాది వాడుకున్నాం.

ఆ తర్వాత ప్రోగ్రాముల్లో బేస్ ఖంగున మోగడం మొదలైంది. పాడే అమ్మాయి గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా దీని శబ్దం వెళ్ళి దాన్ని గీరేది. మాస్టారు మొహం చిట్లించేవారు. చిన్నోడు ఒక నోటు పుస్తకం పెట్టాడు. ప్రతి హాల్లోనూ స్పీకరు మీద ఏ నాబ్ ఎంత తిప్పాడో గడియారం ముల్లు లెక్కన రాసేవాడు. సన్న శబ్దాల ట్రెబుల్ రెండు గంటల దగ్గర, మధ్య శబ్దాల మిడ్ పదకొండు గంటల దగ్గర, లావు శబ్దాల బేస్ మూడుంపావు దగ్గర. ఫోన్లో ఎవరెవరో తెల్ల గడ్డాల వాళ్ళు చెప్పేవి విని మర్నాడు అన్నీ చెరిపి మళ్ళీ రాసేవాడు. మా తోడికోడలు అనేది, "అక్కా, ఇంట్లో గడియారాలన్నీ ఆ గిటారులోకే వెళ్ళిపోయాయి. అన్నానికి మాత్రం ఒక్క రోజూ టైముకి రాడు" అని.

ఎన్ని తిప్పినా అన్న శబ్దం రాలేదు. "అది ఆయన వేళ్ళలో ఉండేదిలే" అని అందరూ తేల్చేశారు. అబద్ధం ఎందుకు, నేనూ అదే అనుకున్నాను. స్పాంజి సంగతి నా బుర్రకి తట్టనే లేదు. ఓనరమ్మ నోరు మూయించడానికి పెట్టిన ముక్క కదా, దానికీ సంగీతానికీ ఏం సంబంధం? పైగా శబ్దం ఆయనతోనే పోయిందంటే నాకు ఒక రకమైన తృప్తిగా ఉండేది. ఎవరూ తీసుకోలేనిది ఒకటి ఆయన దగ్గర ఉందన్నమాట.

అలా ఉండగా మా ఆర్కెస్ట్రాకి విదేశంలో మూడు ప్రోగ్రాములు కుదిరాయి. పన్నెండు మందిమి వెళ్ళాం. నేను ఇస్త్రీ మనిషిని. చీరలు, కోట్లు, పంచెలు నా బాధ్యత. మొదటి ప్రోగ్రాములో బేస్ ఖంగుమంది. రెండో దాంట్లో ఇంకా ఖంగుమంది. తిరిగి బసకి వచ్చే బస్సులో మాస్టారు ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అన్నారు.

"చిన్నోడూ, శనివారం మూడోది. అదీ ఇలాగే ఉంటే ఇక బేస్ వద్దు. ఆ లావు స్వరాలు కీబోర్డువాడు ఎడం చేత్తో కానిచ్చేస్తాడు. ఏరా, కానిస్తావా?"

కీబోర్డు తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎడం చెయ్యి ఖాళీగానే ఉంటుంది మాస్టారూ" అన్నాడు. పాపం, అతనికీ ఇల్లుంది.

చిన్నోడు గిటారు పెట్టె ఒళ్ళోకి లాక్కున్నాడు. అతనికి వేరే పని రాదు. ముప్పై ఏళ్ళు అన్న కూర్చున్న కుర్చీని తన చేతుల మీదుగా ఎత్తించేసుకోవడం ఎలాంటిదో ఆ రోజు అతని మెడ చూస్తే తెలిసింది. తల పూర్తిగా వాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే తయారయ్యాడు. "వదినా, లోపం నా వేళ్ళలో లేదు, గిటారులో ఉంది. ఈ ఊళ్ళో పాత వాద్యాల వీధి ఉందట. అక్కడ మంచిది దొరికితే తెచ్చేసుకుంటా." ఇంటి దగ్గర నుంచి తోడికోడలు నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు వెంట వెళ్ళు. ఒంటరిగా వదిలితే ఇల్లు అమ్మేసి వస్తాడు."

వెళ్ళాను. సన్నటి వీధి, వరసగా అయిదారు కొట్లు. మేం ఎక్కింది రెండో అంతస్తులో ఉన్నది. చెక్క మెట్లు, ఒక్కో మెట్టూ ఒక్కో రకంగా మూలిగింది. లోపల బట్టల కొట్లో చీరలు వేలాడదీసినట్టు గోడల నిండా గిటార్లు. పాత చెక్క, మైనం, మాడిన వైరు కలిసిన వాసన. కొట్టతను డెబ్భై దాటిన మనిషి. బల్ల వెనక కూర్చుని చిన్న టంకం కడ్డీతో ఏదో అతికిస్తున్నాడు. అతని ఇంగ్లీషు, చిన్నోడి ఇంగ్లీషు రెండూ అంతంత మాత్రమే. అందుకే ఇద్దరూ ఒకరినొకరు బాగా అర్థం చేసుకున్నారు.

పాత గిటారు కొనేటప్పుడు చూడాల్సినవి పంతొమ్మిది అంశాలు చిన్నోడి ఫోన్లో ఉన్నాయి. ఒక్కో గిటారూ దించి, ఒక కన్ను మూసి మెడ వెంట తుపాకీ గురి చూసినట్టు చూశాడు, వంకర ఉందేమోనని. ప్రతి నాబూ తిప్పి చెవి పెట్టాడు, గరగరలాడుతుందేమోనని. వెనక్కి తిప్పి మరలు లెక్కపెట్టాడు. మా వీధిలో వంకాయలు ఏరే ముసలమ్మ కూడా ఇంత ఏరదు. గంటన్నర గడిచింది. అన్నీ బావున్నాయి, అన్నీ ఖంగుమంటున్నాయి.

"అన్న శబ్దం కావాలయ్యా, అన్న శబ్దం" అన్నాడు చివరికి తెలుగులోనే.

కొట్టతనికి ఏం అర్థమైందో, లేచి అద్దాల బీరువా తాళం తీసి ఒక గిటారు బయటికి తెచ్చాడు. రంగు సగం రాలిపోయింది. చెక్క మీద చెమట మరకలు. వంతెన మీద, అంటే తీగలు ఆగే ఆ దిమ్మ మీద, ఒక స్టీలు మూత. స్పీకరుకి తగిలించి వాయించాడు.

చిన్నోడు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "ఇదే! వదినా, ఇదే! అన్న!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ వీపు మీద జలదరించింది. ఆయన పక్క గదిలో కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది.

ధర అడిగాడు. కొట్టతను కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించాడు. చిన్నోడు సున్నాలు లెక్కపెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. అంత మురికిదానికి అంత ధరేంటని సైగ చేశాడు. కొట్టతను చెప్పినదాన్ని చిన్నోడు నాకు విడమరిచాడు. యాభై ఏళ్ళుగా దీన్ని ఎవరూ తుడవలేదట, తీగలు మార్చలేదట, అందుకే అంత విలువట. తుడిచి ఉంటే సగానికి పడిపోయేదట.

ఇంటి దగ్గర ఆరు గంటల స్నానం గుర్తొచ్చి నేను చిన్నోడి మొహం చూశాను. అతను నా మొహం చూడలేదు.

సరుకు అసలైనదని నిరూపించడానికి కొట్టతను ఆ స్టీలు మూత ఊడదీశాడు. లోపల, తీగలకి ఆనుకుని, పొడిపొడిగా రాలిపోతున్న స్పాంజి పట్టీ ఉంది. తయారీలోనే పెట్టిందట. వేలితో చూపించి, దాని గురించి దైవదర్శనం చేయిస్తున్నవాడిలా గొంతు తగ్గించి చెప్పాడు.

నాకు నవ్వు ఆగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఏంటి వదినా, పరువు తీస్తావు? ఆయన సీరియస్‌గా చెప్తుంటే!"

"చిన్నోడా, అది స్పాంజిరా."

"టెక్నికల్ విషయాలు నీకు తెలీవు, కాసేపు ఊరుకో."

నేను ఊరుకోలేదు. మూలన నేల మీద ఒక గిటారు గోడకి ఆనించి ఉంది. కొట్టంతటికీ చవకైనది అదే. ఒక నాబ్ లేనే లేదు. తీగలు గోధుమ రంగుకి తిరిగాయి. దాని పక్కనే చిరిగిపోయిన గిటారు పెట్టె ఒకటి, లోపలి మెత్తటి పొర బయటికి వేలాడుతోంది. కొట్టతన్ని చూసి 'కొంచెం తీసుకోనా' అని సైగ చేశాను. తలూపాడు. రెండు వేళ్ళ మందాన చింపి, ముప్పై ఏళ్ళు చేసిన పనే కాబట్టి చూడకుండానే తీగల కింద దూర్చాను.

"వదినా, ముట్టుకోకు! విరిగితే మనల్నే కొనమంటారు!"

టోన్ నాబ్ పూర్తిగా మూశాను. కొట్టతను వచ్చి వైరు తగిలించాడు. వాయించడం నాకు రాదు. ఆయన బొటనవేలు ఎలా ఆడేదో మాత్రం తెలుసు. అలాగే ఒక్క తీగ మీటాను.

కొట్టతను వంగి తీగల దగ్గర చెవి పెట్టాడు. కింద వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

ఇంకోసారి మీటాను. అదే. ఆయనతో పాటు పోయిందనుకున్నది ఎలక గూడని పటకారుతో పారేసిన ముక్కతో పోయింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎవరూ తీసుకోలేనిదనుకున్నాను. ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది.

కొట్టతను చిన్నోణ్ణి గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. రెండు గిటార్లూ ఒకదాని తర్వాత ఒకటి వాయించాడు. చిన్నోడు "మొదటిది ఆ ఖరీదైనది, ఎక్కడైనా గుర్తుపడతా" అన్నాడు. మొదటిది మూలనున్నది. ఇటు తిరిగి చూసి మూర్ఛపోయినంత పని చేశాడు. కొట్టతను పకపకా నవ్వి, బల్ల మీంచి పెన్సిలు తీసుకుని, మూలన గిటారు చీటీ మీద పాత ధర కొట్టేసి రెట్టింపు రాశాడు. నవ్వు నవ్వే, బేరం బేరమే.

"చూశావా, ధర పెంచాడు! సరుకుందన్నమాట. తీసేసుకుందాం" అన్నాడు చిన్నోడు. గంటన్నర సేపు దాన్ని దాటుకుంటూ నడిచిన మనిషే.

"మన గిటారుకేం రోగం? గదిలో ఉందిగా. స్పాంజి పెడదాం."

"దానికి కొత్త తీగలు వదినా. ఇప్పుడు నాకు అర్థమైంది, ఇవి పాతవి కాబట్టే ఇలా..." అంటూ ఆగిపోయాడు. పారేసిన తీగలు కళ్ళముందు కనపడ్డట్టున్నాయి. "అన్నవి ముప్పై ఏళ్ళ తీగలు" అన్నాడు.

"అయితే దీని తీగలు అడుగు."

అడిగాడు. కొట్టతను ఆలోచించి కాలిక్యులేటర్ మీద కొట్టాడు. కొత్త తీగలకి ఒక ధర, ఈ పాతవాటికి దానికి రెట్టింపు. అదేం న్యాయమని చిన్నోడు గొడవపడ్డాడు. కొట్టతను చేతులు విప్పి చెప్పిన సమాధానం విని చిన్నోడు పర్సు తీశాడు. కొత్తవి ఫ్యాక్టరీలో గంటలో తయారవుతాయట. ఇలాంటివి తయారవడానికి ఇరవై ఏళ్ళు పడుతుందట.

అడిగినంతా ఇచ్చాం. స్పాంజి ముక్క ఊరికే ఇచ్చాడు. నాకు వంగి దణ్ణం కూడా పెట్టాడు. విదేశం వెళ్ళినవాళ్ళు సెంట్లూ చాక్లెట్లూ తెచ్చుకుంటారు. మేం తుప్పు కొనుక్కుని మెట్లు దిగాం.

బసకి వచ్చాక చిన్నోడు మంచం మీద తువ్వాలు పరిచి, తుప్పు రాలిపోకుండా పసిబిడ్డకి బట్టలు మార్చినట్టు ఒక్కో తీగా మార్చి, టోన్ నాబ్ పూర్తిగా మూశాడు. నేను వంటగదిలో ఉన్న కొత్త స్పాంజి తెచ్చిస్తే వద్దన్నాడు. "ఇది విదేశీ ఫోమ్ వదినా. సాంద్రత వేరు." సరేనన్నాను. మునిగేవాడికి గడ్డిపోచ అయినా, అది ఏ ఊరి గడ్డో అతనే ఎంచుకోనీ.

శనివారం మధ్యాహ్నం హాల్లో అన్నీ బిగించి సరిచూసుకుంటున్నారు. నాకు ఇస్త్రీకి ప్లగ్గు స్టేజీ దగ్గర దొరక్క హాలు చివరి వరస వెనక దొరికింది. అక్కడే బల్ల వేసుకున్నాను. పాట మొదలైంది. బేస్ వచ్చింది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది. చీర అంచు కాలకుండా ఎలా మిగిలిందో తెలీదు.

మాస్టారు చప్పట్లు కొట్టి పాట ఆపేశారు. నేను మెచ్చుకోలనుకున్నాను.

"ఏంట్రా ఇది, నోట్లో గుడ్డలు కుక్కినట్టు? మీ అన్న వాయిస్తే గంట మోగినట్టుండేది!"

"అవును మాస్టారూ, గంటే" అన్నాడు డ్రమ్సు వాయించే ఆయన.

"గంటేంటి బాబాయ్?" అంది పాడే అమ్మాయి. "నాకు పెద్దాయన బేస్ ఎప్పుడూ దూరంగా ఉరిమినట్టుండేది."

"నాకైతే అసలు వినపడేదే కాదు" అన్నాడు కీబోర్డు తమ్ముడు.

ఏళ్ళ తరబడి ఆయనతో ఒకే స్టేజీ మీద నిలబడ్డవాళ్ళు. మనిషి పోయాక ఆయన వాయించిందాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తోముకుని మెరుగు పెట్టుకున్నారు. చిన్నోడొక్కణ్ణే తప్పు పడితే ఎలా? అసలుది తెచ్చి ఎదురుగా పెడితే ఎవరూ గుర్తుపట్టడం లేదు.

చిన్నోడి చెయ్యి టోన్ నాబ్ మీదకి వెళ్ళడం నాకు అంత దూరం నుంచీ కనిపించింది. తెరిచాడంటే మళ్ళీ ఖంగుమంటుంది. మాస్టారు ఎడం చెయ్యి చాలంటారు. తెరవకపోతే మసకగా ఉందంటారు, అప్పుడూ ఎడం చెయ్యే.

"చిన్నోడా, చెయ్యి తియ్యి!" అని అరిచాను. హాలంతా వెనక్కి తిరిగింది. ఇస్త్రీ మనిషి స్టేజీ విషయంలో నోరెత్తడం అదే మొదటిసారి. ఏం చెప్పాలో తెలీక, చేతిలో ఉన్నది చెప్పాను. "మాస్టారండీ, మీ కోటు కాలరు మడత పోవట్లేదు. ఒక్కసారి వచ్చి తొడుక్కుని చూడండి."

మాస్టారికి ఆ కోటు అంటే చెప్పలేనంత ఇది. అది లేకుండా స్టేజీ ఎక్కరు. "ఇప్పుడే ఏంటమ్మా?" అని గొణుగుతూనే దిగారు. దిగుతూ, "మీరు ఆపకండి, కానివ్వండి" అన్నారు.

వచ్చారు. నేను కాలరు మీద నీళ్ళు చల్లి నిదానంగా ఇస్త్రీపెట్టె ఆడించాను. అవసరానికి మించి నిదానంగా. ఆయన కాసేపు నిలబడి, చివరికి చివరి వరసలో కూర్చున్నారు.

"మాస్టారూ, మన పాట మీరెప్పుడైనా కింద కూర్చుని విన్నారా?"

"నేను కింద కూర్చుంటే పైన ఎవరు చూపిస్తారమ్మా?" అన్నారు విసుగ్గా.

స్టేజీ మీద పాట సాగుతోంది. దగ్గర్లో ముద్దగా ఉన్న ఆ శబ్దం ఇంత దూరం నడిచి వచ్చేసరికి గుండ్రంగా అయింది. పాడే అమ్మాయి గొంతు పైకి లేచినప్పుడల్లా కింద నుంచి పీట వేసినట్టు అందుకుంటోంది. అదే మా ఆయన శబ్దం. కాకపోతే ఒక తేడా ఉంది. ఆయన ప్రతి దెబ్బా ఒక రవ్వ ఆలస్యంగా వేసేవారు, మెట్టు ఉందో లేదో చూసుకుని కాలు పెట్టినట్టు. చిన్నోడికి ఆ ఆలస్యం లేదు. అతను మెట్టు ఉందని నమ్మి దిగిపోతాడు. అది ఏ కొట్లోనూ దొరకదని నాకు అర్థమై, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

మాస్టారు స్టేజీ వైపు చూస్తున్నారు. మొదట ముందుకి వంగారు. తర్వాత వెనక్కి ఆనుకున్నారు. ఇంకో చరణం గడిచింది. ఆయన మొహంలో సంతోషం కాదు, ఏదో కంగారు కనిపించింది.

"తాళం తప్పట్లేదే" అన్నారు.

"లేదండీ."

"ఎవరు చూపిస్తున్నారు?"

స్టేజీ మీద ఆయన నిలబడే చోట ఖాళీగా ఉంది. ఎవరూ దానివైపు చూడటం లేదు. డ్రమ్సాయన కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. అందరూ తలా ఒక వైపు చూసుకుంటూ హాయిగా వాయించుకుంటున్నారు.

"ఎవరూ లేరండీ" అన్నాను.

పాట అయిపోయింది, అందరూ ఒకేసారి ఆగారు. మాస్టారు ఉన్నప్పుడు ఎవరో ఒకరు కాస్త సాగేవారు. ఆయన చాలాసేపు ఖాళీ చోటువైపే చూస్తూ కూర్చున్నారు. కోటు సిద్ధమైందని చెప్పినా వినలేదు.

కీబోర్డు తమ్ముడు మైకులో అడిగాడు. "మాస్టారూ, ఏం చేద్దాం? బేస్ తీసేసి నేను ఎడం చేత్తో చూడనా?"

మాస్టారు ఉలిక్కిపడి లేచారు. "వద్దు వద్దు! ఎవర్నీ తియ్యొద్దు!" అని హాలు మారుమోగేలా అరిచారు. తర్వాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేలా, "ఒకణ్ణి తియ్యడం మొదలెడితే, తర్వాత ఎవరు లేకపోయినా పర్లేదో లెక్క చూస్తారమ్మా" అన్నారు. మళ్ళీ గట్టిగా, "చిన్నోడూ, బావుంది. అలాగే ఉంచు. ఆ నాబ్ ముట్టుకోకు" అన్నారు.

చిన్నోడు రెండు చేతులూ గిటారు మీద పెట్టుకుని స్టేజీ మీదే నేలమీద కూర్చుండిపోయాడు. విదేశీ ఫోమ్ గెలిచిందనుకున్నాడు. అనుకోనీ. అతని కుర్చీ అతనికి దక్కింది, అది చాలు.

సాయంత్రం హాలు నిండింది. మాస్టారు కోటు తొడుక్కుని, కాలరు సర్దుకుని స్టేజీ ఎక్కారు. రెండు పాటలు ఎప్పట్లాగే చేతులూపారు. మూడో పాటలో, నేను చివరి వరస వెనక నుంచి చూస్తుండగా, ఆయన నెమ్మదిగా రెండు చేతులూ కిందకి దించారు. డ్రమ్సు మీద నాలుగు దెబ్బలు పడ్డాయి. పాట ఆయన్ని అడక్కుండానే ముందుకి పోయింది. అయిదో దెబ్బకి ఆయన గబుక్కున చేతులు పైకెత్తి, మునుపటి కంటే రెండింతలు ఊపడం మొదలెట్టారు.

జనం చప్పట్లు కొట్టారు, ఆయనకే.

ఇట్లు,
ఇస్త్రీ వదిన,
వయసు అరవై నాలుగు,
ప్రస్తుతం మరిది ఇంట్లో, మేడ మీద గదిలో ఉంటున్నాను.